పక్క మంచం ఆయనకు తెలిసిన నొప్పి

నా భార్య గొంతెత్తి నవ్వడం నేను మొదటిసారి గోడ అవతల నుంచి విన్నాను.

తిరుపతిలో ఆసుపత్రి డయాలసిస్ గది బయట, వరండాలో బెంచీ మీద కూర్చొని ఉన్నాను. లోపలికి రోగులను తప్ప ఎవరినీ పోనివ్వరు. చెప్పులు బయట విడిచి, బరువు చూసుకొని, ఆమె లోపలికి పోయి గంట దాటింది. అంతలో ఆ నవ్వు. ఇంకెవరో అనుకున్నాను. మా ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆమె నవ్వితే పెదవులు కదిలేవే గాని శబ్దం వచ్చేది కాదు. పెద్దింటి కోడలు అట్లా ఉండాలని మా అమ్మ నేర్పింది. ఆమె నేర్చుకుంది. ఇది మాత్రం మధ్యలో దగ్గు అడ్డమొచ్చి, ఆగి, మళ్ళీ మొదలైన నవ్వు. దాని వెనకాలే ఒక మగ గొంతు వినిపించింది.

"అక్కా, సేయి కదిలిస్తే మిషను అరుస్తాది. మళ్ళా నన్ను తిడతారు. మెల్లిగా నవ్వు."

నేను లేచి నిలబడ్డాను. లేచి ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నాను.

మాది పాకాలకు దగ్గరలో ఒక పల్లె. మా తాత రైలెక్కడానికి వస్తే పాకాల స్టేషను మాస్టరు లేచి ఎదురొచ్చేవాడట. నా కాలానికి ఆ రైలు ఎవరికోసమూ కాచుకోకుండా పోయేది. పొలాలు పోయాయి. బావి కింద మడి పోయింది. ఒక ముక్క మామిడితోపు, మిద్దె ముందు భాగం మిగిలాయి. అయినా నేను ఇస్త్రీ పంచె కట్టుకోకుండా ఊరు దాటలేదు. మా ఇంటి మగవాళ్ళు గోడకు ఆనుకొని కూర్చోరు. ఆ వరండాలో అందరూ తువ్వాళ్ళు పరుచుకొని పడుకునేవాళ్ళు. నేను వీపు నిటారుగా పెట్టుకొని, ఆమె బయటికి వచ్చేదాకా ఆ బెంచీ మీదే కూర్చునేవాణ్ణి. నన్ను చూసి కొందరు డాక్టరేమో అనుకొని లేచి దండం పెట్టిన సందర్భాలు ఉన్నాయి. నేను కాదని చెప్పలేదు.

బీపీ వల్ల ఆమె మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించాలి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. తెల్లవారి పాకాలలో రైలెక్కి తిరుపతికి వచ్చి, సాయంత్రం మళ్ళీ రైలెక్కేవాళ్ళం. రైల్లో మేమిద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. "బాగుండావా?" అని అడిగేవాణ్ణి. "బాగుండా" అనేది. దానితో నా బాధ్యత తీరినట్టు ఉండేది. ఆ నవ్వు విన్న రోజు నుంచి అది చాలలేదు.

ఆ గొంతు మనిషిని ఆ సాయంత్రమే చూశాను. నగరి ఆయన. మరమగ్గాలు నడిపేవాడు. నా కంటే కొంచెం చిన్న. పొట్టిగా, నల్లగా, గళ్ళ లుంగీలో, చేతికి కట్టిన కట్టు మీద ఇంకో చెయ్యి పెట్టుకొని బయటికి వచ్చాడు. నేరుగా నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"బావా, నమస్కారం."

"నేను మీకు బావనెట్లయినాను?"

"ఆమె నాకు అక్కయితే మీరు బావ కాక ఇంకేమైతారు? తాతా అనమంటారా?"

వరండాలో పడుకున్నవాళ్ళు కూడా లేచి నవ్వారు. నా భార్య తలవంచుకొని చెప్పులు వేసుకుంటోంది. ఆమె భుజాలు కదలడం చూశాను.

లోపల వాళ్ళిద్దరివీ పక్కపక్క మంచాలు. ఏ రోజు వచ్చినా అవే. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి కాబట్టి మాట్లాడుకుంటారు, అందులో తప్పేముంది అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఇంటికి వచ్చాక ఆ మాటల తునకలు ఆమె దగ్గర బయటపడుతూ ఉండేవి. ఒకసారి ఆమె కొంగు ముడిలో నిమ్మతొక్క కనబడింది. ఎందుకని అడిగితే, దాహమైనప్పుడు నోట్లో పెట్టుకుంటే నీళ్ళ మీద ధ్యాస పోతుందని చెప్పింది. ఎవరు చెప్పారంటే, "మగ్గాలాయన" అంది. ఇంకోసారి చేతికి కొత్త తువ్వాలు చుట్టుకొని బయటికి వచ్చింది. నగరి నేత. మెత్తగా ఉంది. మిషను మీద ఉన్నప్పుడు చలి పుడుతుంది కాబట్టి ఆయన తెచ్చి ఇచ్చాడట. చలి పుడుతుందని నాకు తెలియదు. ఎండాకాలం తిరుపతిలో చలేమిటని అడిగాను. "పుడతాది" అంది. అంతే.

అన్నిటికంటే నన్ను కాల్చింది వాళ్ళ పందెం. ఆ రోగులు నీళ్ళు కొలుచుకొని తాగాలి. తాగిందంతా ఒంట్లోనే నిలబడి బరువై కూర్చుంటుంది. ఎవరు ఎక్కువ బరువు పెరిగి వస్తే వాళ్ళు ఓడినట్టు అని ఇద్దరూ అనుకున్నారు. గెలిచినవాళ్ళకు వచ్చేది ఏమీ లేదు. ఓడినవాళ్ళను మిషను మీద ఉన్నంతసేపూ ఎగతాళి చేయొచ్చు, అంతే. నేను రెండేళ్ళుగా చెంబు దాచిపెట్టి, కసిరి, బతిమాలి నీళ్ళు మానిపించలేకపోయాను. ఆ పందెం మొదలైన వారం నుంచి ఆమె గ్లాసు ముట్టడం తగ్గించింది. బరువు చూసే మిషను దగ్గర ఆయన కేక నాకు వరండాలోకి వినబడేది.

"అక్కా! ఏం తాగినావు? మీ ఊరి సెరువంతా ఈడికి తెచ్చినావే!"

"నీ మొగం. నువ్వు సూడు ముందు నీది."

"నీ" అంటోంది. ఆమె ఏ మగవాణ్ణీ ఏకవచనంతో పిలవగా నేను వినలేదు. మా తమ్ముణ్ణి కూడా మీరు అనేది.

ఇక జాతర సంగతి చెప్పాలి. మా ఊళ్ళో వేసవిలో గంగజాతర జరుగుతుంది. మొదటి అంబలి మా ఇంటి నుంచి పోవాలి. అది పోసిన తరువాతే ఊరి ఆడవాళ్ళందరూ పోస్తారు. అన్నీ పోయిన తరువాత మా ఇంటికి మిగిలింది అదొక్కటే. దానికొక పద్ధతి ఉంది. పెద్ద కోడలు పాత ఇత్తడి బిందె నిండా రాగి అంబలి పోసుకొని, నేల మీద నుంచి తానే ఎత్తుకోవాలి. ఇంకొకరి చెయ్యి తగలకూడదు. మోకాలి మీదికి, నడుము మీదికి, అక్కడి నుంచి తల మీదికి. తరువాత గుడిదాకా దించకుండా నడవాలి.

మా దాయాదులు కిందింటివాళ్ళు కొన్నేళ్ళుగా ఆ బిందె కోసం కాచుకొని ఉన్నారు. ఆ ఏడు మా ఇంటి ముందుకే వచ్చి అడిగారు.

"వదినకు ఒంట్లో బాగలేదు కదా అన్నా. ఈ తూరి మా కోడలు ఎత్తుతాదిలే. ఏమైతాది?"

లోపల నుంచి ఆమే వచ్చి గుమ్మంలో నిలబడింది. "నేనుండా కదా" అంది. నా కడుపు నిండినట్టయింది. జాతర నాడు ఆమె వంగి, బిందె మెడ పట్టుకొని ఎత్తింది. నడుము దగ్గర ఒక్క క్షణం ఆగింది. పక్కనున్న ఆడవాళ్ళు చేతులు చాచబోయి, పద్ధతి గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నారు. ఆమె కళ్ళు మూసుకొని, తెరిచి, తల మీదికి ఎత్తుకొని నడిచింది. ఆ ఆగడాన్ని నేను హుందాతనం అనుకున్నాను. కిందింటివాళ్ళ వైపు తిరిగి చూశాను కూడా.

మరునాడు తిరుపతిలో డయాలసిస్. రైల్లో ఆమె కుడికాలు పైకి మడిచి, మోకాలు పొట్టకు ఆనించుకొని కూర్చుంది.

"కాలు దించి కూర్చో. అందరూ చూస్తా ఉండారు" అన్నాను.

దించింది. కొంచెంసేపటికి మళ్ళీ మడిచింది. "బాగుండావా?" అని అడిగాను. "బాగుండా" అంది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఆ రోజు లోపల నుంచి నవ్వు రాలేదు. మాటలు మాత్రం చిన్నగా వినిపించాయి. మాట్లాడుతున్నది ఎక్కువగా ఆమే. ఆయన మధ్యలో "ఊ" అంటున్నాడు. నవ్వితేనే ఒళ్ళు మండేది, ఈ గుసగుస ఇంకా మండించింది. ఆమెకు అంత చెప్పుకునేది ఏముంటుంది? చెవి రిక్కించాను. ఒక్క మాటా తెలియలేదు. కొంతసేపటికి ఆయన గొంతు హెచ్చింది. "సిస్టర్! సిస్టరమ్మా! ఈడికి రాండి, అక్కకు సెమటలు పడతా ఉండాయి."

తలుపు తెరుచుకుంది. నన్ను పిలిచారు.

లోపల చల్లగా ఉంది. చలి పుడుతుందన్న మాట అప్పుడు నమ్మాను. ఆమె ముఖం ఉతికిన గుడ్డలా ఉంది. నుదురు తడిసిపోయింది. బీపీ పడిపోయిందని మిషను చూసే ఆయన చెప్పాడు. ఒంట్లో నుంచి నీళ్ళు ఎక్కువ లాగితే అట్లా అవుతుందట, తరచుగా జరిగేదేనట. నీళ్ళు లాగడం ఆపి, సెలైన్ వదిలి, బీపీ పైకి రావడానికి కాళ్ళ కింద దిండ్లు పెట్టాడు. ఎడమకాలు చాపింది. కుడికాలు చాపబోతే ఆమె అరిచింది. పురుడప్పుడు కూడా అరవని మనిషి. మోకాలు మళ్ళీ పొట్ట దగ్గరికి లాక్కుంది.

సెలైన్ పోతూనే ఉంది. బీపీ కొంచెం లేచి మళ్ళీ పడింది. డ్యూటీ డాక్టరమ్మ వచ్చింది. నా భార్య కంటిరెప్ప కిందికి లాగి చూసింది. గోళ్ళు చూసింది. నాడి పట్టుకుంది. పొట్ట మీద చెయ్యి పెట్టి మెల్లగా నొక్కుతూ కుడిపక్క తొంటి దగ్గరికి వచ్చేసరికి నా భార్య డాక్టరమ్మ చెయ్యి పట్టేసుకుంది.

"నొప్పి ఎప్పటి నుంచమ్మా?"

"ఏం లేదమ్మా. గ్యాసు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "నీళ్ళు లాగినందుకే అయితే ఈపాటికి కుదుటపడాలి. నిన్నామొన్నా ఎక్కడైనా పడిందా? దెబ్బ తగిలిందా? బరువేమైనా ఎత్తిందా?"

"మా ఇంట్లో ఆడవాళ్ళు బరువులు ఎత్తరు" అన్నాను. గదిలో అందరికీ వినబడేటట్టే అన్నాను.

పక్క మంచం మీద మగ్గాలాయన, గొట్టాలున్న చెయ్యి కదలకుండా, రెండో మోచేతి మీద లేచాడు.

"బావా, బిందె ఎత్తింది కదా."

"అది బరువు కాదు. అమ్మవారి అంబలి."

"అమ్మవారిదైతే గాలిలో పోతాదా?" అని, ఇక నన్ను వదిలేసి డాక్టరమ్మతో చెప్పాడు. "నిన్న పొద్దున ఇత్తడి బిందె, నిండా అంబలితో, నేల మీద నుంచి ఒక్కతే ఎత్తినాదంట డాక్టరమ్మా. నడుం కాడికి వచ్చేసరికి లోపల పోగు తెగినట్టు తెలిసిందంట. ఆడి నుంచి నొప్పి. తొడ ముందరపక్క తిమ్మిరంట, గిల్లినా తెలీలేదంట. రేతిరంతా కాలు సాపలేక ముడుసుకొని పండుకునిందంట. ఈడ మిషను మీదికి ఎక్కినాక ఇంకా ఎక్కువయిందంట. ఇందాకనే నాకు సెప్పింది. మీకు సెప్పొద్దు అనింది. అక్కా, నువ్వు ఎంత తిట్టినా సరే, నేను సెప్తా."

నా భార్య కళ్ళు మూసుకుంది.

నేను ఆ మంచాల మధ్య నిలబడి ఉన్నాను. రాత్రి నేనూ ఆ ఇంట్లోనే, ఆ గదిలోనే పడుకున్నాను. ఆమె ముడుచుకొని పడుకోవడం నగరిలో ఉండే మనిషికి తెలిసింది.

డాక్టరమ్మ మరి ప్రశ్నలు వేయలేదు. కుడికాలి మడమ కింద చెయ్యి పెట్టి ఒక్కసారి చాపడానికి ప్రయత్నించి, ఆమె ముఖం చూసి ఆపేసింది. తొడ మీద రెండు పక్కలా దూది రాసి తేడా అడిగింది. తరువాత డాక్టరమ్మ గొంతే మారిపోయింది. హెపారిన్ ఆపమంది. మిషను గొట్టాల్లో రక్తం గడ్డ కట్టకుండా ప్రతిసారీ వేసే మందు అది. దాన్ని విరిచే సూది తెమ్మంది. రక్తం తీసి లాబుకు పంపింది. గొట్టాల్లో ఉన్న రక్తాన్ని ఒంట్లోకి తిప్పి ఎక్కించి మిషను నుంచి విడిపించింది. లాబు నుంచి కబురు వచ్చింది. పోయిన వారం ఉన్న రక్తంలో చాలా భాగం ఇప్పుడు లేదు. బయటికి ఒక్క చుక్క కారలేదు. అంటే లోపలే ఎక్కడో ఉంది.

అక్కడే పొట్టకు స్కానింగు మిషను తెచ్చి పెట్టారు. పేగుల్లో గాలి అడ్డమై సరిగా కనబడలేదు. "దీన్ని నమ్ముకొని కూర్చోలేం. సీటీ తీయాలి" అంది డాక్టరమ్మ. స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. నేను పక్కన నడిచాను. ఆమె చెయ్యి చల్లగా ఉంది. పట్టుకోవాలనిపించింది. జనం ఉన్నారు. స్ట్రెచర్ కమ్మీ పట్టుకున్నాను.

కొంతసేపటికి డాక్టరమ్మ ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి నాకు చూపింది. "ఇది వెన్నెముక. దానికి రెండు పక్కలా తొడ దాకా దిగే కండరం ఉంటుంది. కాలు పైకి మడిచేది అదే. ఎడమపక్కది చూడండి, సన్నగా ఉంది. కుడిపక్కది చూడండి."

కుడిపక్కన కొబ్బరికాయంత ఉబ్బు ఉంది.

"నిన్న ఎత్తినప్పుడు కొంచెం చిరిగి ఉంటుంది. మామూలు మనిషికైతే అక్కడితో ఆగిపోయేది. ఈ జబ్బులో రక్తం గడ్డ కట్టే గుణమే తక్కువ. పైగా ఈ రోజు మేము మందు వేశాం. దాంతో ఆగకుండా కారింది. ఆ ఉబ్బు నరాన్ని నొక్కుతోంది, అందుకే తొడ తిమ్మిరి. చాపితే కండరం సాగుతుంది, అందుకే కాలు మడుచుకుంది."

"ఆపరేషనా?"

"ఇప్పుడే వద్దు. లోపల చోటు తక్కువ. కారిన రక్తమే బిగిసి, కారే చోటును అదిమి ఆపొచ్చు. మందు విరిగింది, రక్తం ఎక్కిస్తున్నాం. ఆగకపోతే కోయాలి. ఆమె ఉన్న స్థితిలో కోయడమంటే..." అని ఆ వాక్యాన్ని అక్కడే వదిలేసింది. "రేపటిదాకా చూద్దాం. నీళ్ళు ఎక్కువ లాగామనుకొని, సెలైన్ ఇచ్చి, మిషను పూర్తి చేసి పంపించి ఉంటే ఈమె రైలు దిగేది కాదు. ఆయన చెప్పడం మంచిదైంది."

ఆయన. నాకు ఆ వాక్యంలో ఆ మాటే వినబడింది.

రక్తం కావాలన్నారు. నాది తీయండని చెయ్యి చాపాను. నా గుంపు ఆమెకు సరిపడదట. నాది తీసుకొని నిల్వలో పెట్టుకొని, ఆమెకు సరిపడేది ఇంకొకటి ఇచ్చారు. ఆమె మంచం పక్కన వేలాడదీసిన సంచి వైపు చూస్తూ నిలబడ్డాను. ఎవడిదో. చుక్కచుక్కగా లోపలికి దిగుతోంది. ఇన్నేళ్ళు కాపురం చేసినవాడి రక్తం పనికిరాలేదు, ముక్కూముఖం తెలియనివాడిది పనికొచ్చింది. ఆ సమయంలో ఏ మనిషికైనా రావలసిన ఆలోచన అది కాదని తెలుసు. వచ్చింది మాత్రం అదే.

వరండాలోకి వస్తే మగ్గాలాయన నా బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. ఆయన మిషను అయిపోయి చాలాసేపయింది. కట్టు మీద చెయ్యి పెట్టుకొని, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"మీకు నగరి బస్సు లేదా?"

"బస్సులు రోజూ పోతాయి బావా. కూసోండి."

"ఆమెను మేం చూసుకుంటాం."

"సూసుకోండి. నేనేమన్నా వద్దంటినా? నాకు ఇంటికి పోతే నిద్దర పట్టదు, ఈడుంటే నిద్దరొస్తా ఉండాది. అంతే." ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు. "కోపమా?"

"కోపమెందుకు?"

"మొగం అట్ల ఉండాది మరి. మగ్గం సెయ్యి మీద పడినోడి మాదిరి."

నేను పక్కన కూర్చున్నాను. ఆయన కొంచెం జరిగి చోటిచ్చాడు. "ఆమెకు బయమయింది బావా. మీకు సెప్తే బిందె పోతాదని. ఆ బిందె ఆమె ప్రాణం." నాకు ఆ మాట కూడా ఆయనే చెప్పాలి.

ఆ సాయంత్రమంతా నర్సు వచ్చి బీపీ చూసిన ప్రతిసారీ ఆమె ముఖం కంటే ముందు నేను నర్సు ముఖం చూశాను. చీకటి పడే ముందు అంకె కొంచెం పైకి వచ్చి అక్కడే నిలబడింది. తెల్లవారి మళ్ళీ రక్తం తీశారు. తగ్గలేదు. మధ్యాహ్నం ఇంకోసారి తీశారు. తగ్గలేదు. డాక్టరమ్మ వచ్చి కాలు కదిలించి చూసి, "ఆగినట్టే ఉంది" అంది. "ఆగింది" అనకుండా "ఆగినట్టే ఉంది" అనే వాళ్ళ భాషకు నేను అప్పటికి అలవాటు పడ్డాను. మంచం కమ్మీ వదిలి, మొదటిసారి గోడకు ఆనుకున్నాను. ఎవరైనా చూశారేమో తెలియదు.

తరువాతి డయాలసిస్ ఆ మందు లేకుండానే చేశారు. గొట్టాల్లో గడ్డ కట్టకుండా మాటిమాటికీ సెలైన్‌తో కడుగుతూ, ఒక సిస్టరు పక్కనే నిలబడి చేసింది. అది కూడా గడిచింది. వార్డులోకి మార్చిన మరునాడు మధ్యాహ్నం ఆమె దిండుకు ఆనుకొని కూర్చుంది. కుడికాలి కింద ఇంకా దిండు ఉంది. నేను క్యారియరు విప్పి అన్నం కలుపుతూ అడిగాను. ఎన్ని రోజులుగా లోపల ఉంచుకున్నానో ఆ మాట.

"అతనికెందుకు చెప్పినావు?"

"అడిగినాడు."

"నేను అడగలేదా? రైల్లో అడిగినా కదా?"

"మీరు బాగుండావా అని అడిగినారు. దానికి బాగుండా అనే కదా సెప్పాల." కాలి కింద దిండు సరిచేసుకుంది. "ఆయన అట్ల అడగడు. అక్కా, యాడ నొప్పి, యా పక్క, ఎప్పుడెక్కువ, నిలబడితేనా పండుకుంటేనా అని అడగతాడు. ఆయనకూ నొప్పులు ఉండాయి కదా."

నేను ముద్ద ఆమె చేతిలో పెట్టాను. ఆమె తినలేదు.

"బిందె పోతాదని సెప్పలేదు" అంది. "మీ కోసరం అనుకోవద్దండి. కిందింటి కోడలు ఎత్తుతా ఉంటే సూసేది నాకే ఇష్టం లేదు. ఆ పిల్ల అత్త కూడా జాతర వస్తే సాలు, నా బిందెనే సూస్తా ఉంటాది."

ఆమెలో కూడా ఈ మంట ఉందని నాకు తెలియదు. నాకొక్కడికే ఉందనుకున్నాను. విని నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. మగ్గాలాయనకు ఇది చెప్పిందేమో అని మరుక్షణమే అనుమానం వచ్చింది. అడగలేదు.

"ఇప్పుడు నేను అడగతా" అన్నాను. "యాడ నొప్పి?"

ఆమె నన్ను చూసి, నిజంగానే అడుగుతున్నానా లేదా అని చూసుకుంది. "సాలులేండి."

"చెప్పు."

చెప్పింది. తొడ ముందర ఇంకా తిమ్మిరి ఉందట, చీర తగిలినా వేరే ఎవరి కాలికో తగిలినట్టు ఉంటుందట. తొంటి లోపల రాయి పెట్టినట్టు బరువట. పిక్కలు మెలితిరిగే నొప్పి మిషను చివరి గంటలో వస్తుందట, అప్పుడు పళ్ళు కొరుక్కుంటుందట. నోట్లో ఎప్పుడూ ఇనుము చప్పరించినట్టు ఉంటుందట, అందుకే అన్నం సయించదట. నేను ఇన్నాళ్ళూ వంట బాగలేదని తినడం లేదనుకున్నాను. రాత్రిళ్ళు ఒళ్ళంతా దురద, గోకితే చప్పుడవుతుందని లేచి వసారాలోకి పోతుందట. దాహమైతే నీళ్ళ చప్పుడు వినడానికి తొట్టి దగ్గరికి పోయి నిలబడుతుందట. నేను మధ్యమధ్యలో యా పక్క, ఎప్పుడు, ఎంతసేపు అని అడిగాను. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టే అడిగాను, కానీ ఆమె ప్రతిదానికీ జవాబు చెప్పింది. కలిపిన అన్నం ఎండిపోయింది. ఒకచోట ఆగి, "అది మీకు సెప్పినా తెలీదులే" అంది. ఏమిటంటే చెప్పలేదు. అది ఆయనకు తెలుసు కాబోలు. పోనీ అనుకోలేకపోయాను, కానీ అరవలేదు. "రేపు చెప్పు" అన్నాను.

చేయి కడుక్కొని బయటికి వచ్చాను. ఆమెకు ముందే చేశారు గాని, మగ్గాలాయనకు డయాలసిస్ ఆ రోజే. అయిపోయి, అక్కను చూసిపోదామని వచ్చి, వార్డు మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చొని ఆయాసపడుతున్నాడు. నన్ను చూసి చెయ్యి ఎత్తాడు.

"బావా, అక్కకెట్లుండాది? కాలు సాపతా ఉందా?"

"సగం చాపుతా ఉంది. తొంటి లోపల బరువు. తొడ తిమ్మిరి తగ్గలేదు."

"ఓ, తిమ్మిరి ఇంకా ఉండాదా?" అన్నాడు. నా వైపు తల ఎత్తి కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "ఇంకేమనింది?"

"పిక్కల నొప్పి సంగతి చెప్పింది."

"అది నాకూ ఉండాది. ఇంకా?"

ఆయన నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాడు. మెట్టు మీద అట్లా కూర్చొని, ఆయాసంతో నోరు తెరుచుకొని, నేను చెప్పబోయేదాని కోసం కాచుకొని ఉన్నాడు. దురద గురించి, వసారా గురించి, తొట్టి దగ్గర నిలబడడం గురించి చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది.

"అంతే" అన్నాను. ఆయన భుజం కింద చెయ్యి వేసి లేపి, పైకి ఎక్కించాను. మిగతాది నా దగ్గరే పెట్టుకున్నాను.